సందులో దూరిన ఆవు



లినక్సు కెర్నలులో 2016 అక్టోబరులో బయటపడిన ఒక దోషాన్ని గురించి ఈ టపా. దాని పేరు ‘డర్టీ కౌ’. పాతబడిన సంగతిని ఇప్పుడు తవ్వడమెందుకని అడిగేవారుంటారు. ఆ దోషాన్ని ఎన్నడో దిద్దినారు, నిజమే. కాని అది ఎందుకు అంతకాలం నిలిచియున్నదో ఆలోచించినకొద్దీ, అందులో మన అందరి అలవాటు ఒకటి కనిపిస్తున్నది. ఆ అలవాటు ఇంకా దిద్దబడలేదు.

వ్యాకరణం చెప్పుకొని బ్రతికినవాడికి కెర్నలుతో పనేమిటనే ప్రశ్న కూడా రావచ్చును. ఇది గణితానికి సంబంధించిన దోషం కాదు, పౌర్వాపర్యానికి సంబంధించిన దోషం. ఏది ముందు జరగాలి, ఏది తరువాత జరగాలి, ముందుది జరిగినదని తరువాతిదానికి ఎట్లా తెలియాలి అన్న తగాదా వ్యాకరణం చదివినవాడికి కొత్తది కాదు. అందుచేత ఈ విషయంలో నోరు తెరిచే అర్హత నాకు కొంత ఉన్నదనే అనుకుంటున్నాను.

నేను చెప్పదలచినది ముందే చెప్పివేస్తాను. తప్పు ఉన్నదని తెలిసిన క్షణానికీ దానిని దిద్దిన క్షణానికీ నడుమ ఒక సందు మిగులుతుంది. ప్రమాదం వచ్చేది ఆ సందులో నుండే. యంత్రం లోపల ఆ సందు సెకనులో అతిస్వల్ప భాగం. యంత్రాన్ని తయారుచేసే మనుషుల మధ్య అది పదకొండేళ్ళు. దానిని జేబులో పెట్టుకొని తిరిగే మన దగ్గర దానికి హద్దే లేదు. ఈ మూడు సందులనూ వరుసగా చూపించి, మూడవదాని విషయంలో మనం ఊరుకోరాదని చెప్పడమే నా ఉద్దేశం.

ముందు పేరు సంగతి. ఇంగ్లీషులో ఇటువంటి దోషాన్ని రేస్ కండిషన్ అంటారు. దీనికి మాటకు మాట పెట్టి ‘పోటీ స్థితి’ అంటే అర్థం రాదు. పోటీలో పరుగెత్తేవారికి తాము పోటీలో ఉన్నామన్న ఎరుక ఉంటుంది. ఇక్కడ ఇద్దరిలో ఎవరికీ రెండవవాడు ఉన్నాడనే స్పృహ లేదు. ఇద్దరూ తమ పని తాము చేసుకొని పోతుంటారు. ఎవరి అడుగు ముందు పడితే ఫలితం ఎట్లా మారుతుందో ఎవరూ చూచుకోరు, అదే దోషం. కావున నేను దీనిని ‘పౌర్వాపర్య దోషం’ అంటాను. నోరు తిరగనివారు ‘సందు దోషం’ అన్నా నాకు అభ్యంతరం లేదు. కెర్నలును మాత్రం కెర్నలు అనే వ్రాస్తాను. గింజ, బీజం, గర్భం అంటూ కల్పించే మాటలు పాఠకుడిని ఆపుతాయే గాని ముందుకు నడపవు.

కెర్నలు అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌లో అన్నిటికంటె అడుగున ఉండే భాగం. ఏ ప్రోగ్రాముకు ఎంత మెమరీ ఇవ్వాలి, ఏ ఫైలును ఎవరు చదవవచ్చు, ఎవరు మార్చవచ్చు అన్న తీర్పులన్నీ అది చెప్పవలసినవే. మిగతా ప్రోగ్రాములు తప్పు చేస్తే కెర్నలు అడ్డుకుంటుంది. కెర్నలే తప్పు చేస్తే అడ్డుకునేవాడు సాధారణంగా ఇంకొకడు లేడు.

ఇక పౌర్వాపర్య దోషమంటే ఏమిటో ఒక చిన్న ఉదాహరణ. ఒక సహకార సంఘపు చిట్టాలో నిల్వ 500 రూపాయలని ఉన్నదనుకుందాం. ఇద్దరు గుమాస్తాలు ఒకేసారి ఆ అంకెను చూచినారు. మొదటివాడు వచ్చిన 100 కలిపి 600 అని వ్రాసినాడు. రెండవవాడు తాను అంతకుముందు చూచిన 500కు తన వద్దకు వచ్చిన 50 కలిపి, మొదటివాడి అంకెను కొట్టివేసి 550 అని వ్రాసినాడు. ఉండవలసినది 650. వంద రూపాయలు మాయమైనవి. ఎవరి కూడికలోనూ తప్పు లేదు, ఎవరి చేతివాటమూ లేదు. చూడటం, కలపడం, వ్రాయడం అనే మూడూ విడదీయరాని ఒకే పనిగా జరగవలసి ఉండగా, నడుమ మరొకరు దూరే చోటు మిగిలినది. ఇట్లా విడదీయరాని పనిని నేను ‘అఖండ క్రియ’ అంటాను.

వ్యాకరణంలో ఇటువంటిదే ఒక చిక్కు ఉన్నది. ‘చూచెను’ అన్న ద్రుతాంతం మీద ‘కొలను’ వచ్చినప్పుడు, ముందుగా పరుషమైన కకారం సరళమైన గకారంగా మారుతుంది. ఆ తరువాతనే ముందున్న ద్రుతానికి అరసున్న మొదలైన రూపాలు వచ్చి ‘చూచెఁగొలను’ అవుతుంది. రెండవ కార్యం జరగాలంటే ఎదుట ఉన్న గకారం మొదటి కార్యం వల్ల వచ్చినదై ఉండాలి. మొదటిది జరిగినదని నమ్మి రెండవదానికి పూనుకునేలోగా ఎవరో వచ్చి గకారాన్ని తీసి మళ్ళీ కకారాన్ని పెట్టిపోతే, మన రూపసిద్ధి అంతా తలక్రిందులవుతుంది. కాగితం మీద అట్లా పెట్టిపోయేవాడు లేడు కనుక వ్యాకరణానికి ఆ భయం లేదు. కంప్యూటరులో ఉన్నాడు. ఒకేసారి అనేక పనులు చేసే యంత్రంలో, ఒక పని మొదటి అడుగుకూ రెండవ అడుగుకూ నడుమ మరొక పని దూరి పరిస్థితిని మార్చివేయగలదు.

డర్టీ కౌ దోషం కథ ఇక్కడ మొదలవుతుంది. కెర్నళ్ళు మెమరీని పొదుపుగా వాడటానికి ఒక మంచి పద్ధతి పాటిస్తాయి. ఒక పుటను పదిమంది చదువుతున్నంతసేపు అందరికీ ఒకే పుటను చూపుతాయి. ఎవడైనా అందులో వ్రాయబోతే అప్పుడు మాత్రమే వాడికి ప్రత్యేకంగా ఒక నకలు తీసి ఇస్తాయి. ఈ పద్ధతిని కాపీ ఆన్ రైట్ అంటారు. ఆ మూడు మాటల మొదటి అక్షరాలు కలిపితే ఇంగ్లీషులో ఆవు. పుటలో ఏదో మార్పు జరిగినదని గుర్తుగా కెర్నలు పెట్టుకునే బొట్టును ‘డర్టీ’, అనగా మాసినది, అంటారు. ఈ రెండూ కలిసి ఆ విడ్డూరపు పేరు పుట్టినది.

దీనిని సబ్ రిజిస్ట్రారు కచేరీ భాషలో చెబితే తేలికగా ఉంటుంది. గుమాస్తా వద్ద అసలు దస్తావేజు ఉన్నది. దానిని ఎవరైనా చూడవచ్చు, ఎవరూ దానిపై వ్రాయరాదు. ఒక అర్జీదారు వచ్చి వ్రాసుకోవాలంటాడు. అతడి చీటీపై ‘వ్రాయుటకు’ అని ఉన్నది. గుమాస్తా నకలు తీసి బల్లపై పెట్టినాడు. నకలు సిద్ధమైనది గనుక ఇక ఆ మాటతో పని లేదని చీటీపై ‘వ్రాయుటకు’ అన్నదానిని కొట్టివేసినాడు. కలం కోసం ఒక్క క్షణం అటు తిరిగినాడు.

ఆ క్షణంలో అర్జీదారు తోడుదొంగ వచ్చి, ఈ కాగితంతో మాకు పనిలేదు, పారవేయండి అన్నాడు. నకలు వారిదే కనుక పారవేయమనే హక్కు వారికి ఉన్నది. నకలు చెత్తబుట్టలోకి పోయినది. గుమాస్తా ఇటు తిరిగి చూస్తే బల్ల ఖాళీగా ఉన్నది. చీటీ చూచినాడు. ‘వ్రాయుటకు’ అన్న మాట ఇప్పుడు లేదు. ఊరక చూడటానికే కాబోలునని అసలు దస్తావేజును తెచ్చి బల్లపై పెట్టినాడు. కలం మాత్రం చేతిలోనే ఉన్నది. వ్రాత అసలుపై పడినది.

ఈ కథలో ప్రతి అడుగూ నియమానికి లోబడినదే. నకలు ఇవ్వడం నియమమే, పారవేయమంటే పారవేయడం నియమమే, చూడటానికి అసలును చూపడం కూడా నియమమే. నియమాల మధ్య ఉన్న సందులో నుండి దొంగ లోపలికి వచ్చినాడు. కంప్యూటరులో ఆ అసలు దస్తావేజు సర్వాధికారి అయిన రూట్ వాడుకరి ఫైలు కావచ్చును. ఎవరెవరు ఈ యంత్రంలోకి రావచ్చునో, ఎవరికి ఎంత అధికారమో వ్రాసి ఉన్న పట్టిక కావచ్చును. చదివే హక్కు మాత్రమే ఉన్న మామూలు వాడుకరి దానిని మార్చివేసి తానే సర్వాధికారి కావడానికి ఈ సందు చాలును. పైగా ఆ పనికి యంత్రపు దినచర్య పుస్తకంలో అనుమానించదగిన జాడ కూడా మిగలదు.

ఒక్కసారి ప్రయత్నిస్తే తోడుదొంగ సరిగ్గా ఆ క్షణంలోనే రావడం అరుదు. కాని కంప్యూటరులో దొంగకు విసుగు లేదు. ఒక పోగు అదే పనిగా వ్రాస్తానంటుంది, మరొక పోగు అదే పనిగా పారవేయమంటుంది. లక్షలసార్లు ప్రయత్నించడానికి పట్టేది కొద్ది సెకనులే. లక్షలో ఒకసారి జరిగేదానిని మనం అసంభవం అంటాము. లక్షసార్లు ప్రయత్నించగలవాడికి అది దాదాపు నిశ్చయం.

ఇది మొదటి సందు. దీనిని 2016 అక్టోబరు 18న లినస్ టోర్వాల్డ్స్ గారు మూసివేసినారు. సవరణ పట్టుమని ఇరవై పంక్తులు లేదు. గుమాస్తా భాషలో చెప్పాలంటే, చీటీపై ‘వ్రాయుటకు’ అన్న మాటను కొట్టివేయకుండా ఉంచి, పక్కన ‘నకలు తీసినాను’ అని మరొక గుర్తు వేసుకోవడం. కలం పెట్టే ముందు బల్లపై ఉన్నది నిజంగా ఆ నకలేనా అని బొట్టు చూచి రూఢి చేసుకోవడం. అంతే. నేను చేసినాను అన్న జ్ఞాపకాన్ని మాత్రమే నమ్మక, చేసినది ఇప్పటికీ ఉన్నదా అని కంటితో చూచుకోవడమన్న మాట.

నాకు ఈ సవరణ కంటె దానితోపాటు ఆయన వ్రాసిన వివరణ ఎక్కువ ఆలోచన కలిగించినది. ఈ దోషం చాలా పాతదనీ, పదకొండేళ్ళ క్రితం తానే దానిని దిద్దబోయి సరిగా దిద్దలేకపోయినాననీ, ఆ సవరణను తరువాత రద్దు చేయవలసి వచ్చినదనీ ఆయన అందులో దాచకుండా చెప్పినారు. రద్దు ఎందుకు జరిగినదో కూడా చెప్పినారు. ఐబీఎం వారి ఎస్390 అనే పెద్ద యంత్రాలలో ఆ సవరణ ఇబ్బంది తెచ్చినది. పుట మాసినదా లేదా అన్న గుర్తును ఆ యంత్రాలు మిగతావాటివలె పుటల పట్టికలో కాక వేరొకచోట ఉంచుకునేవి.

ఇందులో 2005 నాటి నిర్ణయాన్ని నేను తప్పుపట్టను. నడుస్తున్న యంత్రాలను ఆపివేసే మందు మందు కాదు. అప్పటికి ఆ దోషం కేవలం ఊహకు అందేదే తప్ప చేతికి అందేది కాదు. ఇబ్బంది పెట్టే సవరణను వెనుకకు తీసుకోవడం వివేకమే. ప్రశ్న ఆ తరువాతి సంవత్సరాలది. కొన్నేళ్ళకు ఎస్390 యంత్రాలకు సంబంధించిన పద్ధతి మారినది. అడ్డంకి తొలగినది. అడ్డంకి తొలగినదన్న వార్త, అడ్డంకి కారణంగా ఆపివేసిన పనిని మాత్రం చేరలేదు. కారణం పోయినా వాయిదా మిగిలినది.

ఇట్లా పోల్చడం నాకు సమంజసంగానే తోస్తున్నది. గుమాస్తా చీటీపై ‘వ్రాయుటకు’ అన్న మాటను కొట్టివేసి మరచినాడు. కెర్నలు కర్తలు తమ చీటీపై ‘దిద్దుటకు’ అన్న మాటను కొట్టివేసి మరచినారు. రెండుచోట్లా ఒకే మరపు. పని పూర్తి కాకుండానే, చేయవలసినదన్న గుర్తు చెరిగిపోయినది.

ఈలోగా లోకం మారినది. 2007లో వచ్చిన 2.6.22 కూర్పు నాటి నుండి ఈ దోషం వాడుకొనడానికి వీలైన రూపంలో ఉన్నదని తరువాత లెక్కతేల్చినారు. యంత్రాలలో ప్రాసెసర్లు పెరిగినవి. ఒకేసారి అనేక పోగులు నడిచేందుకు అనువుగా మెమరీ నిర్వహణ మెరుగుపడినది. మెరుగుపడినకొద్దీ ఒకప్పుడు కేవలం సిద్ధాంతంగా ఉన్న సందు ఆచరణలో తేలికగా దొరకసాగినది. ఈ మాట కూడా టోర్వాల్డ్స్ గారి వివరణలోనిదే. అరుదు అన్నది దోషానికి ఉన్న గుణం కాదు. దోషానికి చుట్టూ ఉన్న పరిస్థితికి ఉన్న గుణం. పరిస్థితి మారుతుంది. దోషం అక్కడే ఉంటుంది.

అరుదును నమ్ముకొని దెబ్బతిన్న మరొక సందర్భం 2003 ఆగస్టు 14 నాటిది. అమెరికా ఈశాన్య రాష్ట్రాలలోనూ కెనడాలోనూ సుమారు 5 కోట్ల మందికి కరెంటు పోయినది. దానికి కారణాలు అనేకం. వాటిలో ఒకటి, ఒహాయో రాష్ట్రపు విద్యుత్ సంస్థ నియంత్రణ గదిలో ప్రమాద సూచన ఇచ్చే ప్రోగ్రాము మూగబోవడం. అది కెర్నలు దోషం కాదు గాని, పౌర్వాపర్య దోషమే. ఆ ప్రోగ్రాము అంతకుముందు వివిధ చోట్ల మొత్తం 30 లక్షల గంటలకు పైగా నడిచినా ఆ దోషం ఒక్కసారి కూడా బయటపడలేదని దాని తయారీదారులు తరువాత చెప్పినారు. 30 లక్షల గంటలపాటు ఏమీ కాకపోవడం, ఏమీ కాదని చెప్పే సాక్ష్యం కాలేకపోయినది.

ఇదంతా లినక్సుకే పరిమితమని విండోస్ వాడే మిత్రులు సంతోషించనక్కరలేదు. 2013లో గూగుల్‌లో పనిచేసే ఇద్దరు పరిశోధకులు విండోస్ కెర్నలులో ఇటువంటి సందులను వరుసగా పట్టి చూపినారు. కెర్నలు ఒక విలువను వాడుకరి మెమరీలో నుండి చదివి, సరిగా ఉన్నదని తేల్చుకొని, పని చేసే ముందు అదే విలువను మళ్ళీ చదువుతుంది. రెండు చదువుల నడుమ దొంగ ఆ విలువను మార్చివేస్తాడు. పరీక్షించినది ఒకటి, వాడినది మరొకటి. ఆ సంవత్సరం ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ ఒకే ప్రకటనలో 30 దోషాలను దిద్దవలసి వచ్చినది. కోడు తెరిచి ఉంచినా మూసి ఉంచినా ఈ జాతి దోషానికి భేదం లేదు.

తెరిచి ఉంచడం గురించి ఇక్కడ ఒక మాట చెప్పాలి. మనలో చాలామందిమి స్వేచ్ఛా సాఫ్టువేరు పక్షపాతులమే. లినక్సును తెలుగులోకి తేవడానికి ‘స్వేచ్ఛ’ వంటి సంస్థలు చేసిన కృషిని అభిమానించినవారమే. చూచే కళ్ళు ఎక్కువైతే ఏ దోషమూ దాగదని ఆ ఉద్యమంలో ఒక నమ్మకం ఉన్నది. డర్టీ కౌ విషయంలో ఆ నమ్మకం నిలబడలేదు. కోడు అందరి ఎదుటా ఉన్నది. పాత సవరణ, దాని రద్దు, రద్దుకు కారణం, అన్నీ చరిత్రలో వ్రాసి ఉన్నవి. అయినా పట్టుకున్నది కోడు చదివినవారు కాదు. ఫిల్ ఆస్టర్ అనే ఆయన తన సర్వరుకు వచ్చే రాకపోకలను నమోదు చేసి ఉంచే అలవాటున్నవాడు. ఎవరో దాడి చేసినప్పుడు ఆ నమోదులో దాడికి వాడిన ప్రోగ్రాము దొరికినది. దొంగ చేతిలోని మారుతాళంచెవిని చూచి మన తాళానికి లోపమున్నదని తెలుసుకున్నామన్న మాట.

అయితే తెరిచి ఉంచడం వల్ల మరొక మేలు జరిగినది. ఈ పదకొండేళ్ళ కథ మనకు తెలిసినది అందువల్లనే. మూసి ఉంచిన కోడులో ఎన్ని సవరణలు ఎందుకు రద్దయినవో, ఏ వాయిదాలు ఎంతకాలంగా మిగిలియున్నవో బయటివారు చెప్పలేరు. తన సవరణ తప్పిన సంగతిని తానే లోకం ఎదుట వ్రాసుకున్న వ్యక్తిని నేను గౌరవిస్తాను. కాని దోషం దాగకపోవడానికి కళ్ళు ఎక్కువగా ఉంటే చాలదు. ఈ పంక్తిని మళ్ళీ చూడవలసిన బాధ్యత ఫలానావారిది అని ఒకరి పేరు వ్రాసి ఉండాలి. పదిమంది కాపరులున్న ఆవు ఎవరి చేలో పడినదో ఎవరూ చూడరు.

సవరణతో కథ ముగియలేదు. ఆ సవరణలోనే ఒక వెలితి ఉన్నదని 2017 చివర తేలినది. మామూలు పుటలకు సరిపోయిన తర్కం, కెర్నలు కొన్నిసార్లు వాడే పెద్ద పుటల విషయంలో సరిపోలేదు. దానినీ దిద్దినారు. 2022లో ఇదే జాతి సందు మరొకటి, పరిమితమైన రూపంలో, డిస్కుపై కాక మెమరీలో మాత్రమే ఉండే ఫైళ్ళ విషయంలో కనిపించినది. అప్పుడు 2016లో పెట్టిన ‘నకలు తీసినాను’ అన్న గుర్తునే తీసివేసి పద్ధతిని మార్చినారు. పౌర్వాపర్య దోషాలను ఒకచోట అతుకు వేసి మరచిపోయే వీలు లేదనడానికి ఈ మూడు సంవత్సరాలే సాక్ష్యం. 2020లో వచ్చిన 5.8 కూర్పు నుండి, ఇటువంటి సందులను కెర్నలు నడుస్తుండగానే వెదికే ఒక సాధనాన్ని లినక్సులో చేర్చినారు. మనిషి కంటికి పట్టనిదాన్ని యంత్రం చేత వెదికించడం సరైన దారి.

ఇంతవరకు చెప్పినవి రెండు సందులు. మూడవది మనది.

కెర్నలులో సవరణ జరిగిన నాడే ఊరిలోని ఫోనులో సవరణ జరగదు. ఆండ్రాయిడ్ ఫోనులన్నిటికీ అడుగున ఉన్నది లినక్సు కెర్నలే. టోర్వాల్డ్స్ గారు అక్టోబరులో దిద్దినది, గూగుల్ వారి భద్రతా ప్రకటనలో డిసెంబరు నాటికి అందరికీ తప్పనిసరి సవరణగా చేరినది. అక్కడి నుండి ఫోను తయారుచేసే సంస్థ దానిని తన నమూనాలకు అనువుగా మార్చాలి. పరీక్షించాలి. పంపాలి. వాడేవాడు దింపుకోవాలి. ఆ వరుసలో ఏ ఒక్కరు ఆగినా సవరణ ఆగిపోతుంది. రెండు మూడేళ్ళ క్రితం అమ్మిన చవక ఫోనుల దగ్గరకు వచ్చేసరికి ఆగిపోవడమే మామూలు.

దీని ఫలితం 2017 సెప్టెంబరులో కనిపించినది. డర్టీ కౌ దోషాన్ని వాడుకొని ఆండ్రాయిడ్ ఫోనులలోకి దూరే దొంగ ప్రోగ్రామును ట్రెండ్ మైక్రో సంస్థ బయటపెట్టినది. దానికి వారు పెట్టిన పేరు జెడ్‌నియు. ఆటలవంటి యాప్‌ల వేషంలో అటువంటివి 1,200కు పైగా కనిపించినవనీ, 40కి పైగా దేశాలలో జాడలు దొరికినవనీ, 5,000కు పైగా వాడుకరులు దాని బారిన పడినారనీ వారు చెప్పినారు. బాధితులలో ఎక్కువమంది ఉన్నది రెండు దేశాలలో. ఒకటి చైనా, రెండవది మన దేశం. చైనాలో అది ఫోను ఖాతాలోని డబ్బును సందేశాల రూపంలో కాజేసేది. ఇతర దేశాలలో ఫోనులోకి దొడ్డిదారి తెరిచి ఉంచేది. సవరణ వచ్చి అప్పటికి పదకొండు నెలలు దాటినది.

5,000 పెద్ద సంఖ్య కాదని కొట్టివేయవచ్చును. నాకు సంఖ్య కంటె తేదీ ముఖ్యం. దోషం ఏమిటో తెలుసు, మందు తయారైనది, మందు ఉచితం. అయినా మనుషుల చేతికి అందలేదు. గుమాస్తా తెలివితక్కువకు యంత్రాన్ని తప్పుపట్టవచ్చు. దీనికి యంత్రాన్ని తప్పుపట్టలేము.

మన ఇళ్ళలో పాత ఫోను ఎక్కడికి పోతుందో ఒక్కసారి ఆలోచించండి. కొడుకు కొత్తది కొనుక్కుంటాడు, పాతది తల్లికో తండ్రికో ఇస్తాడు. పనిమనిషి కూతురు చదువుకుంటున్నదని ఆమెకు ఇచ్చే ఇళ్ళూ ఉన్నవి. అది మంచితనమే. కాని సవరణలు ఆగిపోయిన ఫోను, మోసాన్ని కనిపెట్టే ఓపిక తక్కువగా ఉన్నవారి చేతిలోకి పోతున్నదన్న మాట. నా వయస్సువారి పింఛను, బ్యాంకు ఖాతా, గ్యాసు రాయితీ, అన్నీ ఇప్పుడు ఆ ఫోనుకు వచ్చే అంకెలపైనే ఆధారపడి ఉన్నవి. భద్రత అందరికంటె ఎక్కువ కావలసినవారికి అందరికంటె తక్కువ భద్రత ఉన్న పరికరం దక్కుతున్నది.

దీనికి ఫోను సంస్థలు చెప్పే సమాధానం నాకు తెలియకపోలేదు. ప్రతి నమూనాకూ ఏళ్ళ తరబడి సవరణలు పంపాలంటే ఖర్చవుతుంది, ఆ ఖర్చు చివరకు ధరలో చేరుతుంది, చవక ఫోను చవకగా ఉండదు అంటారు. ఇందులో నిజం ఉన్నది. కాని ఆ ఖర్చు ఇప్పుడు లేకపోలేదు. మోసపోయినవాడి ఖాతాలో నుండి పోతున్నది. కొనేటప్పుడు కనపడే ధరలో నుండి తప్పించి, కనపడని చోటికి మార్చినారు.

చట్టంతో ఇది సాధ్యమేనని ఐరోపా సమాఖ్య చూపినది. 2025 జూన్ 20 నుండి అక్కడ కొత్తగా మార్కెటులోకి తెచ్చే ఫోనులకు, ఆ నమూనా చివరి ఫోను మార్కెటుకు వచ్చిన నాటి నుండి కనీసం ఐదేళ్ళపాటు ఆపరేటింగ్ సిస్టమ్ సవరణలు అందజేయాలన్న నియమం అమలులోకి వచ్చినది. కొన్ని సంస్థలు తమంతట తాముగా ఏడేళ్ళ మాట ఇస్తున్నవి. అక్కడ ఇవ్వగలిగినది ఇక్కడ ఇవ్వలేకపోవడానికి కారణం కనపడదు. మన దేశంలోనూ అటువంటి నియమం రావాలని నా అభిప్రాయం. అది వచ్చేవరకు కనీసం ఫోను పెట్టెపై, ధర పక్కనే, ఈ ఫోనుకు భద్రతా సవరణలు ఫలానా సంవత్సరం వరకు వస్తాయని పెద్ద అక్షరాలతో, ప్రాంతీయ భాషలో, వ్రాయించాలి. మందు సీసాపై గడువు తేదీ ఉన్నట్లుగా.

కెర్నలు వ్రాసేవారిని కోరదగినది ఒకటి ఉన్నది. సవరణను రద్దు చేయవలసి వస్తే చేయండి. కాని రద్దు చేసిన చోట, ఈ దోషం ఇంకా ఉన్నది, ఫలానా అడ్డంకి వల్ల ఆగినది, ఆ అడ్డంకి తొలగిన నాడు దీనిని మళ్ళీ చూడవలెను అని కోడు ప్రక్కనే వ్రాసి పెట్టండి. ఎప్పుడో వ్రాసిన లేఖలో కాదు, ఆ పంక్తిని మార్చబోయే ప్రతివాడి కంటికీ తగిలే చోట. చాలా బృందాలు ఇప్పుడు ఇటువంటి క్రమశిక్షణ పాటిస్తున్నవి. అందరూ పాటిస్తే మేలు. సంభావ్యత తక్కువ అని చెప్పి పక్కన పెట్టే ప్రతి దోషానికీ, ఎవరైనా కావాలని లక్షసార్లు ప్రయత్నిస్తే ఏమవుతుంది అన్న ప్రశ్న వేసుకోవాలి. యాదృచ్ఛికంగా జరిగేదానికి వేసే లెక్క, పట్టుబట్టి జరిపించేవాడికి పనికిరాదు.

ఇక మన వంతు. ఫోను కొనేటప్పుడు కెమెరా ఎంత, బ్యాటరీ ఎంత అని అడిగినట్లే సవరణలు ఎన్నేళ్ళు వస్తాయని దుకాణదారుని అడగండి. అతడికి తెలియకపోవచ్చు. పదిమంది అడిగితే తెలుసుకుంటాడు. ఇంట్లో పెద్దవారికి పాత ఫోను ఇచ్చేముందు సెట్టింగులలో చివరి భద్రతా సవరణ తేదీ చూడండి. అది ఏళ్ళ క్రితంది అయితే, ఆ ఫోనుతో బ్యాంకు పని చేయవద్దని చెప్పి ఇవ్వండి. సవరణ వచ్చినదని ఫోను చెప్పినప్పుడు ‘తరువాత’ అన్న మీటను నొక్కే అలవాటు మనందరిదీ. ఇంత కథ చెప్పినది ఆ మీట గురించే అనుకున్నా నాకు సమ్మతమే. పదకొండేళ్ళ వాయిదాలో ఉన్నదీ, ఆ మీటలో ఉన్నదీ ఒకే మాట.

‘పౌర్వాపర్య దోషం’, ‘అఖండ క్రియ’ అన్న మాటల విషయంలో మీ అభిప్రాయాలు తెలుపగలరు. ఇంతకంటె తేలికైన తెలుగు మాటలు తోస్తే తప్పక చెప్పండి, సంతోషంగా మార్చుకుంటాను. కంప్యూటరు వృత్తిలో ఉన్న మిత్రులు గుమాస్తా ఉపమానంలో లోటు ఏదైనా కనిపిస్తే దానినీ ఎత్తిచూపవలెనని మనవి.

సెలవు.